జూనియర్, గుమాస్తా మారేటప్పుడు ఆఫీసు అప్పగింతలు

ఒక సీనియర్, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా ఉండే లాయరు ఆఫీసులో ఎవరైనా మానేస్తున్నారంటే, వారి స్థానంలోకి ఎవరిని తీసుకోవాలన్న ఆలోచనే ముందు వస్తుంది. నా అనుభవంలో అది రెండో పని. వెళ్లేవారి చేతిలోనూ జ్ఞాపకంలోనూ ఉన్న వాయిదాలు, రసీదులు, దస్తావేజుల వివరాలను వారు ఇంకా ఆఫీసుకు వస్తున్న రోజుల్లోనే పుస్తకాల్లోకి ఎక్కించుకోవాలి.

జూనియర్ డైరీని ఆఫీసు డైరీ పక్కన పెట్టుకుని రాబోయే వాయిదాలన్నీ సరిచూసుకోవాలి. తర్వాత ఈ-కోర్ట్స్ యాప్‌లో సీనియర్ పేరుతోనే కాక ఆ జూనియర్ పేరుతో కూడా వెతకాలి. ఆయన ఒక్కరి వకాలత్ (కేసు నడపమని పార్టీ సంతకం చేసి ఇచ్చే అధికార పత్రం) మీద నడుస్తున్న కేసులు సీనియర్ పేరు కింద కనిపించకపోవచ్చు. డైరీలో ‘కౌంటరుకు’ (అవతలివారి పిటిషన్‌కు మన జవాబు వేయడానికి) అన్న ఒక్క మాట ఉంటే చాలదు. అది టైపయిందా, పార్టీ, అంటే మన కక్షిదారు, సంతకం పెట్టాడా అన్నది కేసు కాగితాల కట్ట విప్పి చూసి పైన రాయించాలి. ప్రతివాది తరఫు కట్టల మీద సమన్లు అందిన తేదీ కూడా ఉండాలి. రిటన్ స్టేట్‌మెంట్‌కు (దావాకు ప్రతివాది రాతపూర్వక జవాబు) 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 రోజులు అన్న లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

గుమాస్తా మారితే ఇంకా జాగ్రత్త అవసరం. మా ఆఫీసులో ఒకసారి తీర్పు నకలుకు పెట్టిన దరఖాస్తు రసీదు, మానేసిన గుమాస్తా చొక్కా జేబులోనే ఉండిపోయింది. కాపీయింగ్ సెక్షన్ వారు స్టాంపులకు పిలిచినా చూసుకునేవారు లేక దరఖాస్తును కొట్టివేశారు. నకలుకు పట్టే కాలాన్ని అప్పీలు గడువులో మినహాయిస్తారు గానీ మన అశ్రద్ధకు పోయిన కాలాన్ని మినహాయించరు కనుక, జిల్లా కోర్టులో అప్పీలుకు ఉన్న 30 రోజులు దాటిపోయి, ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేయవలసి వచ్చింది. అప్పటి నుంచి కాపీ దరఖాస్తులకు విడిగా ఒక నోటు పుస్తకం పెట్టాం. ఈ-ఫైలింగ్ ఖాతాకు గుమాస్తా ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే, ఓటీపీ చెప్పడానికి ఆయన ఎదురుగా ఉన్నప్పుడే దాన్ని మార్చుకోవాలి.

జూనియర్ వెళ్లిపోయినంత మాత్రాన ఆయన పేరున్న వకాలత్ రద్దు కాదు. కోర్టు అనుమతితో ముగించే వరకు అది అమలులోనే ఉంటుంది. కనుక కొత్తవారికి పార్టీ చేత తాజా వకాలత్ సంతకం చేయించుకోవాలి. పార్టీయే వెళ్లే జూనియర్ వెంట పోతానంటే, ఫీజు బాకీ ఉందని కాగితాలు పట్టుకుని కూర్చోకూడదు. కేసు కాగితాలపై వకీలుకు అటువంటి హక్కు లేదని సుప్రీంకోర్టు ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే తేల్చింది. ఒరిజినల్ దస్తావేజులను జాబితా రాసి, అందినట్లు సంతకం తీసుకుని ఇచ్చేయడం మంచిది.

కొత్త జూనియర్‌ను తీసుకునేటప్పుడు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్‌తో పాటు వకీలుగా ప్రాక్టీసు చేయడానికి పాసవాల్సిన ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్ ఉత్తీర్ణతనూ చూడాలి. ఆయన ఇంతకుముందు మన ప్రతిపక్ష న్యాయవాది దగ్గర పనిచేసి ఉంటే, అక్కడ చూసిన కేసులేవో అడిగి, ఆ కట్టలు ఆయన బల్ల మీదికి రాకుండా చూడాలి. స్టైపెండ్ ఎంతో మొదటి రోజే చెప్పాలి. పట్టణాల్లో నెలకు కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫార్సు చేసింది. అంత ఇవ్వలేని ఆఫీసులు చాలానే ఉన్నాయి, అయినా నోరు విప్పి చెప్పిన తక్కువ మొత్తం, చెప్పకుండా దాటవేసిన దానికంటే నయం. కొత్త గుమాస్తాకు పార్టీల విషయాలు బయట మాట్లాడకూడదని స్పష్టంగా చెప్పాలి. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లోని గోప్యత వకీళ్ల గుమాస్తాలకూ వర్తిస్తుంది.

వీలైతే పాతవారు, కొత్తవారు ఒక వారం కలిసి కోర్టుకు వెళ్లేలా చూడాలి. ఏ బెంచ్ క్లర్క్ ఎన్ని గంటలకు కట్టలు చూడనిస్తారో, సమన్లు, నోటీసులు పంపించే నాజరు సెక్షన్‌లో ప్రాసెస్ బత్తా (వాటిని అందజేయడానికి కట్టే రుసుము) ఎవరి దగ్గర కట్టాలో పాతవారు దగ్గరుండి చూపించాలి.