బెజవాడలో సరుకు బండికి లైన్ ఎలా వేయాలి, ఎక్కడ ఆపాలి

టాటా ఏస్ లాంటి చిన్న బండి మీద కిరాణా, మెడికల్ షాపులకి సరుకు వేసేవాళ్లలో చాలామంది పొద్దున్నే బిల్లుల్ని పేటల వారీగా పేర్చి డ్రైవర్ చేతిలో పెట్టేస్తారు, మిగతాదంతా ఆయనే చూసుకుంటాడని. చూసుకుంటాడు, కానీ సాయంత్రానికి నాలుగైదు బిల్లులు మిగులుతాయి. లైన్, అంటే ఏ షాపు తర్వాత ఏ షాపుకి వెళ్లాలన్న వరుస, గోడౌన్‌లోనే వేయాలి, బండి ఆపే చోటు కూడా అక్కడే తేలిపోవాలి. నేను విజయవాడ సంగతే చెబుతాను. కాలువలు గానీ రైలు పట్టాలు గానీ మధ్యలోంచి పోయే ఏ ఊళ్లోనైనా ఇదే లెక్క పనికొస్తుంది.

బందరు, రైవస్, ఏలూరు కాలువలు మూడూ ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఊళ్లోంచే పోతాయి, వాటికి తోడు రైలు పట్టాలు. కాలువ అవతలి షాపు కూతవేటు దూరంలోనే కనిపిస్తుంది గానీ, బండి అక్కడికి చేరాలంటే వంతెన దాకా వెళ్లి, సిగ్నల్‌లో నిలబడి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. అందుకని ముందు ఊరిని ముక్కలు చేసుకోండి. కృష్ణకీ బందరు కాలువకీ మధ్య ఉన్న కృష్ణలంక వైపు ఒకటి, ఫ్లైఓవర్ దాటి వెళ్లే సింగ్‌నగర్ వైపు ఒకటి, వన్‌టౌన్ సందులు ఒకటి, ఇలా. ఒక ముక్కలోకి దిగిన బండి అక్కడి షాపులన్నీ అయ్యాకే మళ్లీ వంతెన ఎక్కాలి. ఒక్క షాపు మిగిలిపోయిందని వెనక్కి తిప్పొద్దు, ఫోన్ చేసి రేపు పొద్దున్నే వేస్తామని చెప్పండి.

ఏ షాపుతో ఏ షాపుని కలపాలో తేలకపోతే 1964లో క్లార్క్, రైట్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి ఉంది, కాగితం మీద ఎవరైనా చేయొచ్చు. గొల్లపూడి గోడౌన్ నుంచి ఒక షాపు 6 కిలోమీటర్లు, ఇంకోటి 7, ఆ రెండిటి మధ్య 2 అనుకోండి. విడివిడిగా వెళ్లొస్తే 26 కిలోమీటర్లు, కలిపి వెళ్తే 15, అంటే 11 మిగిలాయి. ఇలా జంటలన్నిటికీ లెక్కేసి, ఎక్కువ మిగిలే జంటతో మొదలుపెట్టి బండి నిండేదాకా కలుపుకుంటూ పోవాలి. కిలోమీటర్ల బదులు నిమిషాలు వేసుకుంటే ఇంకా మంచిది, వంతెన దగ్గర పోయే టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది. అన్ని వరుసలూ చూసి అన్నిటికంటే మంచిది పట్టేయాలని అనుకోకండి, పది షాపుల్నే 36,28,800 వరుసల్లో తిరగొచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో స్టాపులు ఎక్కించినా అది మీరిచ్చిన వరుసలోనే దారి చూపిస్తుంది, వరుస మార్చి పెట్టదు. టూవీలర్ మోడ్‌లో అసలు చూడొద్దు, బండి పట్టని సందులోకి తీసుకెళ్లి వదిలేస్తుంది.

ఇంతకీ రోజులో ఎక్కువ టైమ్ పోయేది బండి ఆగిన చోటే. కేసులు దించాలి, యజమాని బిల్లు సరిచూసుకోవాలి, డ్యామేజీ సరుకు వెనక్కి తీసుకోవాలి, కౌంటర్ దగ్గర బేరాలు అయ్యేదాకా కలెక్షన్ కోసం నిలబడాలి. అందుకే ప్రతి షాపు పేరు పక్కన మూడు విషయాలు రాసి పెట్టుకోండి: సరుకు దించుకునే టైమ్, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, బండి ఎక్కడ ఆపాలి. పొద్దున పాల ప్యాకెట్ల రద్దీలో ఉన్న కిరాణా షాపుకి వెళ్లి ప్రయోజనం లేదు, మధ్యాహ్నం షట్టర్ దించి భోంచేసే షాపుకీ అంతే.

ఆపే చోటు సంగతికొస్తే, ప్రతి షాపు ముందూ ఆపాల్సిన పని లేదు. వన్‌టౌన్‌లాంటి చోట బండి సందులోకి దూరితే ఎదురుగా ఇంకో ఆటో వచ్చిందంటే ఇద్దరూ ఇరుక్కుంటారు. సందు మొదట్లో కాస్త వెడల్పున్న చోట ఒక్కసారి ఆపి, రెండు మూడు నిమిషాల నడకలో ఉన్న షాపులన్నిటికీ ట్రాలీ మీద తోసుకెళ్లడం మేలు. సబ్బులు, బిస్కెట్లు అలా సులువుగా వెళ్తాయి. 15 కిలోల నూనె టిన్నులు, 50 కిలోల పంచదార బస్తాలు తీసుకునే షాపు ఉంటే మాత్రం ఆ షాపుకి దగ్గర్లోనే ఆపాలి, హెల్పర్ నడుము గురించి కూడా ఆలోచించండి. చోటు రోడ్డుకి ఎడమవైపే ఉండాలి, బస్‌స్టాపూ మలుపూ కాకూడదు, వెనక డోరు పూర్తిగా తెరుచుకోవాలి, రివర్స్ తీయకుండా ముందుకే బయటపడేలా ఉండాలి. బందరు రోడ్డులాంటి డివైడర్ ఉన్న రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఎడమ పక్క షాపులు, వచ్చేటప్పుడు రెండో పక్కవి పెట్టుకుంటే ప్రతిసారీ యూటర్న్ కోసం కాచుకునే టెన్షన్ తప్పుతుంది. చోటు ఖాయమయ్యాక లొకేషన్ పిన్ షాపు మీద కాకుండా బండి ఆపే చోట పెట్టి, ఒక ఫోటోతో సహా డ్రైవర్‌కి వాట్సాప్ చేయండి. కొత్త డ్రైవర్ వచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

లోడింగ్ వరుస లైన్‌కి తిరగేసి ఉండాలి. చివరి షాపు సరుకు అడుగున, లోపలికి, మొదటిది డోరు దగ్గర. వెనక్కొచ్చే డ్యామేజీ సరుకుకి ఒక మూల ఖాళీ ఉంచండి, లేకపోతే పగిలిన సీసా పక్కనే కొత్త కార్టన్ కూర్చుంటుంది.

డ్రైవర్ భోజనం కూడా లైన్‌లో ఒక స్టాపే. ఐదు గంటల పని అయ్యాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని మన దేశంలో 1961లోనే చట్టం చేశారు. నీడ, బాత్రూమ్, బండి కనిపించే చోటు, ఈ మూడూ ఉన్న హోటల్‌నో పెట్రోల్ బంకునో ముందే చూసి పెట్టండి. మే నెల బెజవాడ ఎండలో ఇది దాటేయకండి, దయచేసి.

దసరా నవరాత్రుల్లో ఈ లైన్లు పనిచేయవు. దుర్గమ్మ గుడి ఉన్న కొండ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లిస్తారు, మూలా నక్షత్రం రోజు జనం మరీ ఎక్కువ. వన్‌టౌన్ షాపులకి నవరాత్రులు మొదలవకముందే రెండింతల సరుకు వేసేసి, ఆ పది రోజులూ బండిని కాలువల అవతలి ముక్కలకి తిప్పండి.