జర్మనీలో ఫ్రోజెన్ గాన్స్ కొనేముందు: ధర, లేబుల్, సీజన్

అక్టోబర్‌లో వింటర్ సెమిస్టర్‌కి వచ్చేవాళ్లు జర్మనీలో ముందుగా చూసే పెద్ద విందుల సీజన్ గాన్స్‌ది, అంటే పెద్దబాతుది. నవంబర్ 11న సెయింట్ మార్టిన్ పండగతో మొదలై క్రిస్మస్ దాకా సాగుతుంది. ఆఫీసు టీమ్ డిన్నర్‌లో, ఇంటి ఓనర్ పిలిచిన భోజనంలో ఎర్ర క్యాబేజీ, బంగాళదుంప ఉండలతో కలిపి వడ్డిస్తారు. ఆ రోజుల్లో ఆల్డి, లిడ్ల్, ఎడెకా, రేవె, కౌఫ్‌లాండ్ లాంటి సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లు వీటితో నిండిపోతాయి. మనవాళ్లలో చాలామంది ధర చూసి వదిలేస్తారు, లేదా తక్కువ ధర చూసి లేబుల్ చదవకుండా బుట్టలో వేసుకుంటారు. కాస్త తెలుసుకుని కొంటే మన వంటకి చక్కగా ఒదిగే మాంసం ఇది. కోడిలా తెల్లగా ఉండదు, ముదురు రంగులో ఉంటుంది. కూర వండితే రుచి మటన్‌కి దగ్గరగా వస్తుంది.

ఇంత సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ధర అర్థమవుతుంది. జర్మనీ తినే గాన్స్‌లో ఎక్కువ భాగం జర్మనీలో పెరిగింది కాదు, పోలండ్, హంగరీ నుంచి వచ్చినది. పెద్దబాతులు వసంతంలో గుడ్లు పెడతాయి, పిల్లలు వేసవంతా పెరుగుతాయి, శరదృతువులో కోతకి వస్తాయి. కోళ్లలా ఏడాది పొడవునా తాజాగా దొరికే సరుకు కాదు. అందుకే తాజా మాంసానికి నవంబర్, డిసెంబర్‌లలో ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది. ఫ్రీజర్ సరుకు మాత్రం ముందే కోసి, గడ్డకట్టించి, గోడౌన్లలో దాచినది. ఇటీవలి ఏళ్లలో డిస్కౌంట్ షాపుల్లో ఫ్రోజెన్ గాన్స్ కిలో సుమారు 7 నుంచి 10 యూరోల మధ్య దొరికితే, జర్మన్ రైతు దగ్గర తాజాది 15 యూరోలు దాటి 20 దాకా కూడా పలికింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ధాన్యం, కరెంటు రెండూ ఖరీదైనప్పుడు ఈ రేట్లు గట్టిగా పెరిగాయి. బర్డ్ ఫ్లూ వచ్చిన ఏడాది మందలకి మందల్నే చంపేయాల్సి వస్తుంది కాబట్టి అప్పుడూ రేటు కదులుతుంది.

షాపులో ముందుగా చూడాల్సింది అట్ట మీద పెద్ద అక్షరాల ధర కాదు, దాని కింద చిన్నగా ఉండే గ్రుండ్‌ప్రైస్, అంటే కిలో ధర. దాన్ని చూపించడం చట్టం ప్రకారం తప్పనిసరి. ఉదాహరణకి కిలో 8.99 యూరోలు అని ఉన్న గాన్స్ 4.2 కిలోలు తూగితే బిల్లు 37.76 అవుతుంది. పన్ను అందులోనే ఉంటుంది, కౌంటర్ దగ్గర విడిగా కలపరు. వేయించాక కొవ్వు కరిగిపోయి, ఎముక తీసేస్తే, కొన్న బరువులో సగం కూడా మాంసం మిగలదు. కాబట్టి నలుగురైదుగురు కలిసి తినేటట్టయితేనే మొత్తం పక్షి కొనండి. ఒక్కరో ఇద్దరో ఉంటే కాళ్లు కొనుక్కోవడం మంచిది. వాటిని కోయ్‌లె అంటారు. కిలో ధర ఎక్కువైనా మొత్తం ఖర్చు తక్కువ, కుక్కర్‌లో పడతాయి, మిగిలి పాడవ్వవు. ఇంకో చిక్కు కూడా ఉంది. అద్దె ఇళ్లలో ఫ్రిజ్ పైభాగంలో ఉండే చిన్న ఫ్రీజర్‌లో 4 కిలోల గాన్స్ పట్టదు. కొనేముందు ఇంట్లో కొలత చూసుకోండి.

లేబుల్ మీద నేను ఎక్కువ సేపు ఆగేది రెండు పదాల దగ్గర. ఔఫ్‌గెత్సోగెన్ ఇన్ అంటే ఏ దేశంలో పెంచారో, గెష్లాఖ్‌టెట్ ఇన్ అంటే ఏ దేశంలో కోశారో. 2015 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ప్యాక్ చేసిన పక్షి మాంసం మీద ఈ రెండూ రాయాలి. ముందు వైపు జర్మన్ జెండా రంగులూ, పల్లెటూరి బొమ్మా ఎంత అందంగా ఉన్నా, నిజం వెనకవైపు ఈ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. హాఫర్‌మాస్ట్, అంటే ఓట్స్ మేత, అన్న మాటకీ చట్టంలో లెక్కుంది: చివరి మూడు వారాలు రోజుకి కనీసం 500 గ్రాముల ఓట్స్ తినిపించి ఉండాలి. పోలండ్ ఓట్స్ గాన్స్‌కి మంచి పేరుంది, రెండు మూడు యూరోలు ఎక్కువైనా నేను దాన్నే తీసుకోమంటాను. ఫ్రైలాండ్‌హాల్టుంగ్ అని ఉంటే ఆరుబయట తిరిగిన పక్షి.

మరో విషయం మనసులో పెట్టుకోండి. లివర్ కోసం పక్షి గొంతులోకి గొట్టంతో బలవంతంగా మేత దూర్చే పద్ధతి జర్మనీలో నిషేధం. హంగరీలో మాత్రం ఇంకా నడుస్తోంది, అలాంటి పక్షుల మాంసం ఇక్కడికి రావడానికి అడ్డేమీ లేదు. హంగరీ సరుకంతా అలాంటిదే అనడం అన్యాయం. కానీ మరీ చౌకగా కాళ్లో, బ్రెస్టో కనిపిస్తే, అది ష్టోప్ఫ్‌మాస్ట్, అంటే ఆ బలవంతపు మేత సరుకు, కాదని ప్యాకెట్ మీద ఎక్కడైనా రాశారేమో చూడండి. రాయకపోతే నేనైతే కొనను. పక్షి నోరులేనిది, ఆ రెండు యూరోల తేడా నాకు పెద్దది కాదు.

బెర్లిన్ వైపు ఉన్నవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్ దాకా రైల్లో వెళ్లి, వంతెన దాటి పోలండ్‌లోని స్లుబిట్సెలో కొనుక్కోవచ్చు. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ రెండూ వెంట ఉంచుకోండి, సరిహద్దులో తనిఖీలు ఉండొచ్చు. నవంబర్ 11 పోలండ్ స్వాతంత్ర్య దినం, ఆ రోజు షాపులు మూసి ఉంటాయి. ఇంటి వాడకానికి పోలండ్ నుంచి మాంసం తెచ్చుకోవచ్చు గానీ ఇండియా నుంచి కుదరదు. అమ్మ కట్టిచ్చిన నాటుకోడి పచ్చడి, గోంగూర మటన్, నెయ్యి కూడా ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

ఇంటికొచ్చాక, మొత్తం పక్షి కరగడానికి ఫ్రిజ్ కింది అరలో దాదాపు రెండు రోజులు పడుతుంది. బయట గట్టు మీద పెట్టి కరిగించకండి, కారే నీళ్లు వేరే గిన్నెలో పట్టండి, పచ్చిమాంసాన్ని సింకులో కడగకండి. ఆ నీటి తుంపరలతోనే సాల్మొనెల్లా పక్క గిన్నెల మీదికి పోతుంది. కడుపులో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది, పొయ్యి మీద పెట్టేముందు తప్పకుండా తీసేయాలి. అందులో మెడ, గుండె, కందనకాయ ఉంటాయి. చాలా ఇళ్లలో సూప్‌కి వాడతారు. మనం అల్లంవెల్లుల్లి, పసుపు వేసి ఉడికించి, మిరియాలతో వేపుడు చేస్తే ఆ చిన్న సంచే ఒక పూట కూర. కందనకాయ గట్టిగా ఉంటుంది, కుక్కర్‌లో ఎక్కువ సేపు ఉంచండి. కాళ్లని ముందు నూనె లేకుండా సన్నసెగ మీద చర్మం కిందికి వచ్చేలా పెడితే కొవ్వంతా దిగుతుంది. దాన్ని వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, బంగాళదుంప వేపుడుకి బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత ఆ కాళ్లని మటన్ కూరలాగే వండుకోవచ్చు.

క్రిస్మస్‌కి వండాలనుకుంటే 22వ తేదీకల్లా కొనేయండి. 24న షాపులు మధ్యాహ్నమే మూసేస్తారు, 25, 26 పూర్తిగా సెలవు. పండగ తొందర లేనివాళ్లు జనవరి మొదటి వారాల్లో ఫ్రీజర్ల వైపు ఓ చూపు వేయండి. మిగిలిపోయిన సరుకు మీద చాలా షాపులు రేటు తగ్గిస్తాయి. ఫ్రోజెన్ మాంసం మీద వాడకపు తేదీ సాధారణంగా ఇంకా నెలల తరబడి ఉంటుంది కాబట్టి, ప్యాకెట్ చిరగకుండా, లోపల మంచు గడ్డలు పేరుకోకుండా ఉంటే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.