కంట్లో సున్నం పడితే పైరెప్ప తిప్పి చూడండి

కంటి క్యాజువాల్టీలో కొత్తగా డ్యూటీ చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. కంట్లో సున్నం పడిందని ఎవరైనా వస్తే ఓపీ చీటీ, చూపు పరీక్ష అన్నీ తర్వాత. మత్తు చుక్క వేసి, సెలైన్ సెట్ తగిలించి, కనీసం అరగంట కడగండి. సెలైన్ లేదా? కుళాయి నీళ్లయినా సరే. సున్నం క్షారం, క్షారం ఆమ్లం కంటే లోతుకు దిగిపోతుంది.

చాలామంది మరిచిపోయేది పైరెప్ప. కిళ్లీ సున్నం ప్యాకెట్ నొక్కి ఆడుకుంటుంటే పగిలి ఒక పిల్లాడి కంట్లో చిమ్మింది. ఎంత కడిగినా పీహెచ్ (కంట్లో క్షారం ఎంతుందో చూపే అంకె) దిగలేదు. పైరెప్పను రెండు మడతలు తిప్పి చూస్తే, లోపలి మడతలో పెసరగింజంత సున్నం ముద్ద అతుక్కుని ఉంది! తడి దూదిపుల్లతో దాన్ని తీశాకే పీహెచ్ 7కి వచ్చింది. అప్పుడూ తొందరపడొద్దు. కడగడం ఆపిన పది నిమిషాలకు పీహెచ్ చూసే కాగితం మళ్లీ పెట్టండి, ఎక్కడైనా సున్నం రవ్వంత మిగిలితే పీహెచ్ మళ్లీ పెరుగుతుంది.

ఇంటివాళ్లు ఫోన్ చేస్తే "వెంటనే తీసుకురండి" అని పెట్టేయకండి. "ముందు కుళాయి కింద బాగా కడగండమ్మా, చనుబాలు, నెయ్యి ఏవీ వేయకండి, కడిగాకే బయలుదేరండి" అని చెప్పండి.