సెకండ్ హ్యాండ్ పికప్: బేరానికి ముందే పట్టుకోవాల్సిన లోపాలు

వాడిన పికప్ కొనేవాళ్లు ముందు మీటరు చూస్తారు. మీటరు వెనక్కి తిప్పడం పెద్ద పనేమీ కాదు. ఎంత తిరిగిందన్నదానికన్నా ఏం మోసింది, ఎంత బరువు మోసింది అన్నదే ముఖ్యం. గ్రానైట్ ముక్కలతో నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి, పాల క్యాన్లతో లక్ష తిరిగిన బండికన్నా ఎక్కువ దెబ్బతిని ఉండొచ్చు. కింద రాసినవి 1.3 నుంచి 1.7 టన్నులు మోసే బొలెరో పికప్ తరగతి డీజిల్ బండ్ల గురించి.

టార్చి, కొలత టేపు, చిన్న సుత్తి, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి తీసుకెళ్లండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి. చల్లటి ఇంజిన్‌లో బయటపడే లోపాలు వేడెక్కాక కనబడవు.

బండి ఓ పక్కకు వాలింది, లేదా రోడ్డు మీద అడ్డంగా పోతున్నట్టుంది

సమంగా ఉన్న నేల మీద స్టీరింగ్ నేరుగా పెట్టించి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు రెండు వైపులా కొలవండి. తేడా 10 మి.మీ. దాటితే కమాన్ కట్టలో (వెనక చక్రాల మీదుండే స్ప్రింగు పట్టీల కట్ట) సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉండాలి, లేదంటే ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) వంగి ఉండాలి. సెంటర్ బోల్టు అయితే భయం లేదు. దాన్నీ, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులనూ కొత్తవి వేయించి, 500 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాలి. వంగింది ఛాసిస్ అయితే ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

కట్టలో కంపెనీ ఇచ్చినవాటికన్నా ఎక్కువ పట్టీలుంటే ఓవర్‌లోడ్ బండే. అలాంటప్పుడు కమాన్ కట్ట వేలాడే హ్యాంగర్ల దగ్గరా, క్యాబిన్ వెనకా ఛాసిస్ మీద వెల్డింగ్ గీతలు, పగుళ్లు వెతకండి. క్యాబిన్‌కూ బాడీకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉండాలి.

రొయ్యలు, చేపలు మోసిన బండ్లలో లోపం వేరే రకంగా ఉంటుంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. భీమవరం, నెల్లూరు వైపు తిరిగిన బండిని కచ్చితంగా కిందికి దూరి చూడాలి. సుత్తితో తట్టితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, పొరలు రాలతాయి. బ్రేక్ పైపులు తుప్పు పడితే మార్చేయొచ్చు. ఛాసిస్‌కు చిల్లులు పడితే వదిలేయండి. కిందంతా కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే రెట్టింపు జాగ్రత్త అవసరం.

పొగ

పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు తెల్ల పొగ వచ్చి ఆగితే పట్టించుకోనక్కర్లేదు. వేడెక్కాక కూడా వస్తూ, కూలెంట్ ట్యాంకులో బుడగలు లేస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య సీలు) పోయినట్టే. హెడ్ దించి, పగుళ్లు, ఫేసింగ్ (అడుగు సమంగా ఉందా లేదా) చూపించి, కొత్త గాస్కెట్, కొత్త బోల్టులతో ఎక్కించాలి. ఆయిల్ ఫిల్లర్ మూత లోపల పాల టీ రంగు జిగురు కనబడినా అనుమానం అక్కడికే పోవాలి.

నీలి పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా ఆయిల్ ఫిల్లర్ మూత విప్పి, బోర్లించి, బిగించకుండా ఊరికే పెట్టండి. గాలి తన్ని మూత ఎగిరి పడుతుంటే ముందు బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) శుభ్రం చేయించండి, అయినా తగ్గకపోతే రింగులు, బోరు అరిగాయి. కంప్రెషన్ టెస్టులో (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే ఇంజిన్ పని ఖర్చు బేరంలో తీసేయాలి. మూత కదలకుండా ఉండి నీలి పొగ వస్తుంటే టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఒత్తి పంపే ఫ్యాను) చూడండి. ఇంజిన్ ఆపి గొట్టం విప్పి షాఫ్ట్ పట్టుకుంటే పక్కకు కొద్దిగా ఆడొచ్చు, ముందుకూ వెనక్కూ మాత్రం ఆడకూడదు.

నల్ల పొగకు తక్కువ ఖర్చువే ముందు చూడండి: ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టాల లీకు, మసి పట్టిన ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు). ఆ తర్వాతే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులు విప్పి ఒక్కో ఇంజెక్టర్‌కు ఒక్కో చిన్న సీసా తగిలించి, ఒక నిమిషం స్లోలో నడపండి. మిగతావాటికన్నా బాగా ఎక్కువ నిండిన సీసా ఇంజెక్టరే అరిగింది. వేడి ఇంజిన్ స్టార్ట్ కాక సతాయించే బండికీ ఇదే పరీక్ష. కొత్త ఇంజెక్టర్ మీద కోడ్ ఉంటే దాన్ని స్కానర్‌తో ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఎక్కించాలి, లేకపోతే మార్చినా ఇంజిన్ చప్పుడు తగ్గదు.

ఖాళీగా బాగుంది, లోడుతో లాగడం లేదు

అమ్మేవాళ్లు ఖాళీ బండే నడిపిస్తారు. పనికి కొంటున్నప్పుడు ఆ పరీక్ష చాలదు. ఇరవై సిమెంటు బస్తాలు వేయించండి, సరిగ్గా టన్ను. మధ్యలో ఎత్తు ఉండేలా ఇరవై కిలోమీటర్లు నడపండి.

ఎత్తులో టెంపరేచర్ ముల్లు పైకి పోతే రేడియేటర్ పూడుకుపోవడం, ఫ్యాన్ క్లచ్ పనిచేయకపోవడం, థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం ఈ మూడింట్లో ఒకటి. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఒకేసారి మార్చండి. గేర్‌బాక్స్ దించినప్పుడే క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా వేయించండి, మళ్లీ దించే కూలి తప్పుతుంది. కదిలేటప్పుడు కింద ఠక్ మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాస్‌లు అరిగాయి. వెనక నుంచి వేగంతో పాటు పెరిగే ఈల మాత్రం వెనక యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ గేర్లది, ఖర్చు ఎక్కువ.

డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) ఉన్న, బీఎస్6 పొల్యూషన్ ప్రమాణాల బండి సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూడండి. దట్టంగా మసి అంటితే ఫిల్టర్ పగిలింది, లేదా తీసేశారు. ఊళ్లోనే చిన్న దూరాలు తిరిగిన బండికి డీపీఎఫ్ లైటు వెలుగుతుంటే హైవే మీద వేగంగా పావుగంట, ఇరవై నిమిషాలు నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది.

కుటుంబంతో ప్రయాణాలకూ కావాలంటే

డబుల్ క్యాబ్ చూసుకోండి, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటిది. గూడ్స్ బాడీలో మనుషులను ఎక్కించడం నేరం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది.

కాగితాలు

ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే అది తీసేయడానికి కావాల్సిన ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు బదిలీకి ఫారం 29, 30. తెలంగాణ బండిని ఆంధ్రకు తెచ్చుకున్నా, అటు నుంచి ఇటైనా, ఫారం 28 ఎన్ఓసీ కావాలి. ఛాసిస్ నంబరు కాగితం మీద కాకుండా ఇనుము మీదే చదవండి. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కాబట్టి మిగిలిన గడువు కూడా ధరలో లెక్కే. బండి మీ చేతికొచ్చిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి.