డ్రమ్స్ మీద కూర్చుని బ్యాండు నడపడం – 6: ఏడు దెబ్బల మలుపు

పోయిన పాఠంలో ఏడు దెబ్బల్ని నోటితో పట్టుకున్నారు. ఇప్పుడు బేస్ గిటార్, కీబోర్డు వాళ్ళతో కలిసి వాయించాలి.

కచేరీల్లో మిశ్రచాపుని, అంటే ఏడు దెబ్బల తాళాన్ని, 3+4గా వింటాం. ఇక్కడ దాన్ని తిప్పి తకధిమి, తకిట అందాం: 4+3. కిక్ (పాదంతో వాయించే పెద్ద డ్రమ్) ఒకటి మీద, స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) ఐదు మీద, హై-హ్యాట్ (జంట తాళాలు) ఏడు దెబ్బలకీ. మెట్రోనోమ్ నిమిషానికి 140 క్లిక్‌లతో మొదలెట్టి, దెబ్బకో క్లిక్ చొప్పున 210 దాకా తీసుకెళ్ళండి. కుదిరాక క్లిక్‌ని 105కి దించండి, చేతి వేగం మాత్రం తగ్గకూడదు. ఇప్పుడు క్లిక్ మొదటి బార్‌లో (ఏడు దెబ్బల ఒక చుట్టు) 1, 3, 5, 7 మీద, రెండో బార్‌లో 2, 4, 6 మీద పడుతుంది. మూడో బార్‌కి మళ్ళీ ఒకటి మీదికి రావాలి. రాలేదంటే మధ్యలో దెబ్బ పెరిగిందనో, తగ్గిందనో అర్థం.

ఎక్కువగా పెరిగేది చివరి తకిట దగ్గరే. నెల్లూరు, ఒంగోలు ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు వాయించిన చెయ్యి నాలుగుకి అలవాటుపడి ఉంటుంది. ఫిల్ (మధ్యలో వేసే చిన్న అలంకారం) ఎత్తుకోగానే తకిట కాస్తా తకధిమి అయిపోతుంది. అందుకే ఈ వారం ఫిల్ వద్దే వద్దు. ఫోన్‌లో రికార్డు చేసి ఎనిమిది బార్లు కొలవండి. 210 వేగంలో 16 సెకన్లు పట్టాలి. 18 దాటితే మీరు వాయించేది ఎనిమిది దెబ్బలే.

ఇక నడిపించడం. యెస్, కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బ్యాండ్లలో వాయించిన డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్ 1977లో సొంత బ్యాండు, 1986లో ఎర్త్‌వర్క్స్ పెట్టాడు. ఆ రికార్డుల్లో సోలో వాయించేవాళ్ళకి డ్రమ్స్ ఎంత చోటు వదులుతాయో వినండి. నాయకుడు నేర్చుకోవాల్సింది అదే.

బేస్ అతన్ని హై-హ్యాట్ వైపు నిలబెట్టండి, మీ పాదం అతనికి కనపడాలి. మిద్దె మీది గదిలో మోత ఎక్కువైతే కిక్‌లో పాత బొంత మడిచి పెట్టండి. కీబోర్డు సోలో ముగియడానికి రెండు బార్లుందనగా తలెత్తి ఇద్దర్నీ చూడండి. చివరి బార్ ఒకటి మీద ఎడమ పుల్ల భుజం దాకా లేపి, 5, 6, 7 మీద స్నేర్, తర్వాతి ఒకటి మీద క్రాష్ (పెద్ద మోత వచ్చే తాళం). సైగ క్రాష్‌తోనే ఇస్తే వాళ్ళ వేళ్ళు మారడానికి వ్యవధి ఉండదు.

బేస్ తప్పిపోతే గట్టిగా బాదకండి. స్నేర్ మానేసి, కిక్ ఒకటి మీద మాత్రం ఉంచండి. రెండు మూడు బార్లలో అతనే వచ్చి కలుస్తాడు.