జర్మన్ భావనామం ఒక్కటి గట్టిగా నేర్చుకోవడం ఎలా? ‘ర్యుక్‌జిష్ట్’తో చేసి చూద్దాం

జర్మన్ నేర్చుకునేవాళ్ల నోట్‌బుక్కులు చాలా చూశాను. ఎడమవైపు జర్మన్ మాట, మధ్యలో గీత, కుడివైపు ఇంగ్లీషు అర్థం. కుర్చీ, బల్ల, రొట్టె వరకూ ఈ గీత పనిచేస్తుంది. ఓపిక, బాధ్యత, నమ్మకం లాంటి చేతికందని మాటలు వచ్చేసరికి తుస్సుమంటుంది. అర్థం తెలుసు, వాక్యంలో పెట్టడం రాదు. వందసార్లు చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి: ఒక నోట్‌బుక్, పెన్ను, ఫోన్‌లో డూడెన్ నిఘంటువు. ఫ్లాష్‌కార్డ్ యాప్ వద్దు. రోజుకి ఇరవై మాటలు కూడా వద్దు, ఒక్కటి చాలు.

1. ఆర్టికల్‌తో సహా రాసుకోండి

‘డీ ర్యుక్‌జిష్ట్’, స్త్రీలింగం. తెలుగులో ఓపికైనా కోపమైనా ‘అది’ కిందికే వస్తుంది కాబట్టి మనవాళ్లు తెలియకుండానే అన్నిటికీ నపుంసకలింగపు ‘డాస్’ తగిలిస్తారు. చివర ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’ లాంటి తోక ఉంటే డీ అని పట్టేయొచ్చు. దీనికి ఆ తోక లేదు. రెండు మాటలు అతికినప్పుడు లింగం చివరి మాటదే అన్నది ఇక్కడి సూత్రం. చివరిది ‘డీ జిష్ట్’, అంటే చూపు. ఫోర్‌జిష్ట్ (జాగ్రత్త), అప్‌జిష్ట్ (ఉద్దేశం), నాఖ్‌జిష్ట్ (తప్పుని చూసీ చూడనట్టు ఊరుకోవడం) కూడా అందుకే డీ. ‘గెజిష్ట్’, అంటే ముఖం, మాత్రం డాస్. అది అతుకు మాట కాదు, ముందు ‘గె’ చేరిన మాట.

‘ర్యు’ అని రాశాను గానీ ఆ అచ్చు మనకి లేదు. పెదాలు ‘ఉ’కి పెట్టి, లోపల నాలుకతో ‘ఇ’ అనండి. పొట్టిగా.

2. అర్థాన్ని ఒక్క మాటలో రాయకండి

ర్యుక్ అంటే వెనక్కి, జిష్ట్ అంటే చూపు. లాటిన్ ‘రెస్పెక్టుస్’ని ముక్కకి ముక్క దించుకున్న మాట ఇది. అలాగని గౌరవం అనుకోకండి, గౌరవానికి రెస్పెక్ట్, ఆఖ్టుంగ్ వేరే ఉన్నాయి. ముందు నడిచేవాడు వెనకవాళ్లు అందుకుంటున్నారా అని ఒకసారి తిరిగి చూస్తాడే, ఆ చూపు. తెలుగులో ‘ఎదుటివాళ్ల ఇబ్బంది తలచుకుని మసలుకోవడం’ అని ఇంత పొడుగూ రాసుకోవాల్సిందే.

‘మొహమాటం’ అని రాసుకున్నవాళ్లున్నారు. కాదు. మొహమాటంలో ఇబ్బంది మనది: రెండో గరిటె వద్దనలేక తినేస్తాం. ర్యుక్‌జిష్ట్‌లో తప్పించే ఇబ్బంది ఎదుటివాళ్లది.

నాకీ మాట నిఘంటువులో కాదు, తలుపు మీద దొరికింది. జర్మనీ వచ్చిన కొత్తల్లో ఒక రాత్రి పదిన్నరకి మిక్సీలో దోసెల పిండి వేశాను. ఇక్కడ మామూలుగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చెయ్యకూడదు, ‘నాఖ్ట్‌రూఎ’ అంటారు. తెల్లారేసరికి తలుపుకి చీటీ: “బిటె ఎట్వాస్ మేయర్ ర్యుక్‌జిష్ట్!” (దయచేసి ఇంకాస్త ర్యుక్‌జిష్ట్!) యాప్‌లో కొడితే ‘కన్సిడరేషన్’ అంది. ఏ దరఖాస్తో పరిశీలనలో ఉందనుకుని చీటీని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాను. ఆ రాత్రి మళ్లీ పదిన్నరకి కొబ్బరి పచ్చడి.

3. ప్రెపోజిషన్, దాని వెనక విభక్తి

ఇక్కడ నెమ్మదించండి. పాడయ్యేదంతా ఇక్కడే.

ర్యుక్‌జిష్ట్ ఒంటరిగా తిరగదు. దానితో పాటు ‘నేమెన్’ (తీసుకోవడం) అనే క్రియ, ‘ఔఫ్’ అనే ప్రెపోజిషన్, ఔఫ్ తర్వాత అక్యుజేటివ్ అనే విభక్తి. ఈ నాలుగూ కలిసి ఒక్క మాట అనుకుని ఒకే వరుసలో రాసుకోండి. విడివిడిగా రాసుకుంటే విడివిడిగానే మర్చిపోతారు.

క్లాసులో ఔఫ్ అంటే ‘మీద’ అని నేర్పుతారు. రెండు విభక్తులూ తీసుకునే ప్రెపోజిషన్లు తొమ్మిది, అందులో ఇదొకటి. ఎక్కడ ఉంది అంటే డేటివ్, ఎక్కడికి పోతోంది అంటే అక్యుజేటివ్. ఈ సూత్రం వంటబట్టినవాడు ర్యుక్‌జిష్ట్ దగ్గర ఆగి, ఇక్కడ ఏదీ కదలడం లేదు కదా, అయితే డేటివ్ అని తేల్చి ‘ఔఫ్ మియర్’ (‘నేను’కి డేటివ్ రూపం) అంటాడు. తప్పు. అక్యుజేటివ్‌లో ‘ఔఫ్ మిష్’ అనాలి. ‘ఔఫ్ డీ కిండర్’ అంటే పిల్లల ఇబ్బంది తలచుకోవడం. ‘ఔఫ్ డెన్ కిండెర్న్’ అంటే పిల్లల నెత్తినెక్కి కూర్చోవడం.

కొందరు దీనికీ ఒక కారణం కడతారు: చూపు వాళ్ల వైపు పోతోంది కాబట్టి అక్యుజేటివ్ అని. వినడానికి బాగుంది. మరి కుక్క ఉంది జాగ్రత్త అనడానికి ‘ఫోర్‌జిష్ట్ ఫోర్ డేమ్ హుంట్’ అంటారు, అందులోనూ చూపుంది, ఆ ఫోర్ కూడా తొమ్మిదిలోదే, అయినా అక్కడ డేటివ్. భావనామం వెంట వచ్చే ప్రెపోజిషన్‌కి కదలిక లెక్క పనికిరాదు. దాని విభక్తి దాంతో పుట్టింది, అలాగే పట్టుకోవాలి.

పట్టుకోవడానికి నా దారి ఇది. ఈ ఔఫ్‌ని ‘మీద’ అని కాదు, ‘గురించి’ అని రాసుకోండి. బళ్లో డు, ము, వు, లు తర్వాత వల్లె వేసిన వరుస గుర్తుందా? ని, ను, ల, కూర్చి, గురించి. ద్వితీయా విభక్తి. జర్మన్ వాళ్ల అక్యుజేటివ్ అంటే మన ద్వితీయే. పిల్లల గురించి ఆలోచించు: గురించి, ద్వితీయ, అక్యుజేటివ్. ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్లకి ‘ఫర్’ అడ్డొస్తుంది, వాళ్లు దాని జర్మన్ మాట ‘ఫ్యుర్’ పెట్టి మార్కులు పోగొట్టుకుంటారు. మనకి ఆ తిప్పలెందుకు? అయితే ఈ కిటుకు ఈ మాట వరకే. కనబడిన ప్రతి ఔఫ్‌కీ వాడితే నా పూచీ లేదు.

ఇంకో జాగ్రత్త. అభ్యాస వాక్యంలో పొరుగువాణ్ణి పెట్టకండి. ‘ఔఫ్ డెన్ నాఖ్‌బార్న్’ ఏకవచన అక్యుజేటివ్ కావచ్చు, బహువచన డేటివ్ కావచ్చు. రెంటికీ ఒకటే రూపం, తప్పు చేసినా మీకే తెలియదు. మనుషుల పేర్లు పెట్టినా అంతే, విభక్తి బయటపడదు. ‘మిష్’ (నన్ను), ‘డిష్’ (నిన్ను) పెట్టండి, దొరికిపోతారు.

4. కాదు అనడం

“ఎర్ నిమ్ట్ కైనె ర్యుక్‌జిష్ట్ ఔఫ్ మిష్.” వాడికి నా ఇబ్బంది పట్టదు. ‘నిష్ట్’ కాదు, ‘కైనె’. మామూలు వాక్యంలో ఆర్టికల్ అక్కర్లేదు. ఆర్టికల్ లేనప్పుడు లింగం విశేషణం చివర కనబడుతుంది. జర్మనీ రోడ్డు నియమావళి మొదటి సెక్షన్ మొదటి వాక్యం చూడండి, రోడ్డెక్కినవాళ్లకి “ష్టెండిగె ఫోర్‌జిష్ట్ ఉంట్ గేగెన్‌జైటిగె ర్యుక్‌జిష్ట్” కావాలంటుంది. నిరంతరం జాగ్రత్త, పరస్పరం ర్యుక్‌జిష్ట్. రెండు విశేషణాల చివరా ‘గె’.

5. చుట్టాలు

ర్యుక్‌జిష్ట్స్‌ఫోల్ అంటే అది నిండుగా ఉన్న మనిషి, ర్యుక్‌జిష్ట్స్‌లోస్ అంటే బొత్తిగా లేనివాడు. మధ్యలో ‘స్’ మర్చిపోకండి. ‘బెర్యుక్‌జిష్టిగెన్’ క్రియకి ఔఫ్ అక్కర్లేదు. ఖర్చులనో దరఖాస్తులనో లెక్కలోకి తీసుకోవడానికి వాడండి, పక్కింటివాళ్ల మీద వద్దు. బహువచనం ఈ వారం వదిలేయండి.

6. మీ ఇంట్లో జరిగినదాంతో మూడు వాక్యాలు

పుస్తకంలోవి ఎత్తి రాయకండి. మూడు రోజుల తర్వాత చూడకుండా పైకి చెప్పండి. ‘మియర్’ అని నోరు జారితే మూడో అంచెకి వెనక్కి.

నా మొదటి వాక్యం చీటీ రాసినావిడ గుమ్మంలోనే చెప్పాను, మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని: “ఇష్ నేమె యెట్స్ట్ ర్యుక్‌జిష్ట్ ఔఫ్ ఈనెన్.” ఇప్పుడు మీ ఇబ్బంది తలచుకుంటున్నాను అని, డేటివ్‌లో. ఆవిడ ముందు “ఔఫ్ జీ” అని అక్యుజేటివ్‌లోకి దిద్ది, తర్వాత డబ్బా అందుకుంది.