గీజర్ గరగర, నిమ్మఉప్పు వైద్యం

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లే దిక్కు. బకెట్ మీద తెల్లచారలు, ఎంత రుద్దినా నురగ రాని సబ్బు మాకు మామూలే. పోయిన చలికాలం మాత్రం గీజర్ గరగరమనడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో కాగే నీళ్లకి అరగంట! కరెంటు బిల్లు టెన్షన్ వేరే.

టెస్ట్ కిట్‌తో చూస్తే కఠినత్వం లీటరుకు 450 మిల్లీగ్రాములు. తాగునీటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) కోరే పరిమితి 200.

మెకానిక్ "కొత్తది కొనండి సార్" అన్నాడు. మనసొప్పలేదు. ఎంసీబీ (కరెంటు స్విచ్) ఆపించి, నీళ్లు వదిలించి, నీళ్లు కాచే ఎలిమెంట్ తీయించాను. పెన్సిల్ మందాన సున్నం పెచ్చు! నీళ్లు కాగినప్పుడు అందులోని కాల్షియం బైకార్బనేట్ విడిపోయి, కార్బనేట్‌గా మారి అతుక్కుపోతుంది. ఇక వేడి దాన్ని దాటి నీళ్లకి సరిగ్గా చేరదు.

లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వైర్లు తగిలించే చివర తడవకుండా ఎలిమెంట్ ముంచాను. బుసబుసమని పొంగింది. రెండు గంటలకి పెచ్చులు ఊడొచ్చాయి. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్డు అరిగిపోతే మార్పించి, థర్మోస్టాట్ 55 డిగ్రీలకి తగ్గించాను. అదే ఊపులో ఖాళీ వాషింగ్ మెషీన్‌లో 100 గ్రాములు వేసి వేడినీళ్లతో తిప్పాను.

గరగర పోయింది. మిగిలిన నిమ్మఉప్పు మా ఆవిడ ఇడ్లీ పాత్రకి వాడేసింది.